రెసిడెన్సీ బజార్లో తెలుగు

హైదరాబాదులో కోఠీ, సుల్తాన్ బజార్ అనగానే ఇవాళ చీరల దుకాణాలు, గాజుల వరసలు, పాత పుస్తకాల అంగళ్లు గుర్తొస్తాయి. నూరేళ్ల కిందట అది ఊళ్లో డబ్బున్న పేట, చదువున్న పేట కూడాను. సాహుకార్ల కోఠీలు, వకీళ్ల ఇళ్లు, బ్యాంకు, ఆర్యసమాజం, తెలుగు గ్రంథాలయం, మరాఠీ గ్రంథాలయం, నాలుగు భాషల్లో వాదులాడుకునే పెద్దమనుషులు, అన్నీ ఒకరి గుమ్మం నుంచి మరొకరి గుమ్మానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేవి. తెలంగాణలో తెలుగు మళ్లీ తలెత్తుకున్న కథ చెప్పేవాళ్లు ఎక్కువగా మహానుభావుల పేర్లతో చెబుతారు: కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మాడపాటి హనుమంతరావు, సురవరం ప్రతాపరెడ్డి. ఆ పేర్లకు వంక పెట్టలేం. అయితే ఆ మనుషులు ఆ పేటకే ఎందుకు చేరారన్న ప్రశ్నకు ఆ పేర్లు జవాబు చెప్పవు. నా మటుకు జవాబు ఒక హద్దులో ఉంది. నిజాం రాజధాని నడుమ, ఈ పేటలోనే, నిజాం చట్టం చెల్లని రెసిడెన్సీ బజార్లనే ఒక తునక ఉండేది. ఆ తునక చుట్టూ మొదట అప్పులిచ్చేవాళ్లు చేరారు, వాళ్ల తగాదాల వెంట వకీళ్లు వచ్చారు, వకీళ్ల వెంట పుస్తకాలు వచ్చాయి. పేటను ముందు హద్దు కట్టింది, మేధావులు ఆ తర్వాత అందులో దిగారు.

హద్దుల సంగతి పావగడ తాలూకావాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. పటంలో కర్ణాటకకు చెందిన పావగడ ఆంధ్రలోకి చొచ్చుకుని ఉంటుంది, పక్కనే ఆంధ్రకు చెందిన మడకశిర కర్ణాటకలోకి చొచ్చుకుని ఉంటుంది. పావగడ తాలూకాలోని అరసికెరె లాంటి ఊళ్లలో ఇంట్లో మాట తెలుగు, బళ్లో అక్షరం కన్నడం. ఏ కచేరీకి ఏ భాషలో అర్జీ పెట్టాలో, ఏ జిల్లాకు ఏ పని మీద పోవాలో పిల్లలకు కూడా తెలుసు. గీత ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి మనిషి బతుకులో ఏ భాషకు ఏ గది దక్కుతుందో తేలిపోతుంది. ఈ ఎరుకతో చూస్తే రెసిడెన్సీ బజారు కథ మహానుభావుల జాబితాలా కాక, ఒక పొలిమేర కథలా కనిపిస్తుంది.

ఆ పొలిమేరను గీసింది ఈస్టిండియా కంపెనీ. నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దం మొదటి ఏళ్లలో మూసీకి ఉత్తరపు గట్టున ఒక రాజభవనం లాంటి రెసిడెన్సీని మొదలుపెట్టాడు. చార్మినారూ దర్బారూ ఉన్న పాత నగరం నదికి దక్షిణాన. భవనం నమూనాను పెద్ద కాగితం మీద గీసి చూపిస్తే నిజాం జాగా ఇవ్వనన్నాడనీ, అదే నమూనాను చిన్న చీటీ మీద గీసి పట్టుకెళ్తే సరేనన్నాడనీ ఒక కథ చెబుతారు. కాగితం మీద ఆ జాగా తన రాజ్యమంత పెద్దదిగా కనిపించిందట. కథ నిజమైనా కాకపోయినా నిజాం భయం మాత్రం తప్పు కాదు. ఆ ప్రహరీ చుట్టూ పెరిగిన బజార్లు కాలక్రమాన రెసిడెంటు అధికారం కిందికి వచ్చాయి. అక్కడ పోలీసు ఆయనది, కచేరీ ఆయనది, చెల్లే చట్టం బ్రిటిషిండియాది. నిజాం కొత్వాలు అక్కడ అడుగుపెట్టి ఎవరి చెయ్యీ పట్టుకోలేడు.

ఈ ఏర్పాటు విలువను అందరికన్నా ముందు గ్రహించింది డబ్బు. 1814లో విలియం పామర్ రెసిడెన్సీ పక్కనే తన కోఠీ, అంటే అప్పులిచ్చే వ్యాపార సంస్థ, తెరిచాడు. తండ్రి కంపెనీ సైన్యంలో జనరలు, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. అటూ ఇటూ చెల్లుబాటయ్యే ఇలాంటి మనిషికి అంతకన్నా అనువైన జాగా దొరకదు. భాగస్వాముల్లో గుజరాతీ సాహుకారు ఉన్నాడు, గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఇంటి పెంపుడు పిల్లను పెళ్లాడిన విలియం రంబోల్డు ఉన్నాడు. దేశీయ రాజులకు ఐరోపావాళ్లు అప్పులివ్వకూడదన్న చట్టం ఒకటి ఉంటే, దాని నుంచి 1816లో ఈ కోఠీకి మినహాయింపు దొరికింది. అక్కణ్నుంచి నిజాం ప్రభుత్వం జీతాలకూ సైన్యానికీ పామర్ దగ్గర చెయ్యి చాచడం అలవాటైంది. 1820లో ఒక్కసారే 60 లక్షల అప్పు. ఆ ఏడే రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తిరగేసి దీన్ని దోపిడీ అన్నాడు. కంపెనీ పెద్దల మధ్య పోట్లాట లండన్ దాకా పాకింది, చివరికి కోఠీ దివాలా తీసింది.

ఆ అప్పు తీర్చిన తీరు తెలుగువాళ్లు తెలుసుకోవలసింది. ఉత్తర సర్కారులు తమ చేతికి వచ్చినందుకు కంపెనీ నిజాముకు ఏటా 7 లక్షల రూపాయల పేష్కష్ కడుతూ ఉండేది. 1823లో ఆ పేష్కష్‌ను శాశ్వతంగా రద్దు చేసుకుంటూ కంపెనీ ఒకే మొత్తంగా కోటీ 16 లక్షలకు పైగా ఇచ్చింది. ఆ సొమ్ము పామర్ బాకీకి పోయింది. అంటే గుంటూరు, రాజమండ్రి, చికాకోలు నేలల మీద నిజాముకు మిగిలిన ఆఖరి హక్కు కోఠీలోని ఒక వడ్డీ దుకాణం పద్దులో చెల్లయిపోయింది. కోస్తాకూ తెలంగాణకూ మధ్య ముడి ఎప్పుడు తెగిందని అడిగేవాళ్లు యుద్ధాల తేదీలతో పాటు ఈ పద్దును కూడా చూడాలి.

పామర్ పోయినా అతను చూపిన దారి పోలేదు. గుజరాతీలు, మార్వాడీలు, గోసాయిలు, కోమట్లు ఆ చుట్టుపక్కలకు చేరుతూనే ఉన్నారు. ప్రతాపగిర్జీ కోఠీ లాంటి కట్టడాలు ఆ సంపదకు ఇప్పటికీ సాక్ష్యం. రాజుకు అప్పిచ్చేవాడికి ఉండే పెద్ద భయం రాజు తీర్చకపోవడం ఒక్కటే కాదు, తీర్చమన్నందుకు పట్టి లోపల వెయ్యడం కూడా. రెసిడెంటు హద్దులో ఉన్న సాహుకారుకు ఆ రెండో భయం తగ్గుతుంది. ఆ ధీమా ఎంత పల్చనిదో 1857 జులై 17న తేలింది. తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ నాయకత్వంలో రొహిల్లాలు రెసిడెన్సీ మీదికి వచ్చినప్పుడు వాళ్లు కాపు వేసి తుపాకులు పేల్చింది ఎదురుగా ఉన్న అబ్బన్ సాహెబ్, జయగోపాల్ దాస్ ఇళ్ల మీద నుంచే. డబ్బున్నవాడు కట్టిన ఎత్తయిన డాబా ఆ రోజు మోర్చాగా పనికొచ్చింది. దాడి ఓడిపోయింది, రెసిడెన్సీ గోడలు ఇంకా దిట్టమయ్యాయి, పేట ఇంకా పెరిగింది. తర్వాత వచ్చిన బ్యాంకు కూడా అక్కడే స్థిరపడింది, ఆ వీధికి బ్యాంకు స్ట్రీట్ అనే పేరే మిగిలింది.

ఇక్కడి దాకా ఇది వడ్డీ కథ. ఇందులో నుంచి పుస్తకం ఎలా పుట్టింది? సాహుకార్లు భాషాభిమానంతో విరాళాలు కుమ్మరించారని చెప్పను, తెలుగు విషయంలో అది నిజం కాదు. మధ్యలో ఉన్న లంకె వకీలు. అప్పున్న చోట దావా ఉంటుంది. నిజాం కచేరీలొక వైపు, రెసిడెన్సీ కచేరీ మరో వైపు ఉన్న ఊళ్లో ఏ దావా ఎక్కడ వెయ్యాలో చెప్పగలిగినవాడికి గిరాకీ. ఉర్దూ పారసీలతో పాటు ఇంగ్లీషు చట్టమూ తెలిసిన కొత్త తరం అలా ఎదిగింది. తర్వాత హైకోర్టు జడ్జీ అయిన కేశవరావు కోరట్కర్ వకీలు. మాడపాటి హనుమంతరావు వకీలు. బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావులదీ అదే వృత్తి. వీళ్లకు సర్కారు జీతం అక్కర్లేని సంపాదన ఉంది, సాయంత్రం ఖాళీ ఉంది, సభ పెట్టాలంటే ఏ గీతకు ఏ పక్కన పెట్టాలో తెలిసిన చట్టజ్ఞానం ఉంది. ఉద్యమాల చరిత్రలో ఈ చివరిదానికి మనం ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు.

చట్టజ్ఞానం ఎందుకంటే, నిజాం ఇలాకాలో నోరు విప్పడం తేలిక కాదు. 1883లో చాందా రైలు మార్గం ఒప్పందం మీద బహిరంగంగా ప్రశ్నలు వేసినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను రాజ్యం నుంచే పంపేశారు. ఆయన నిజాం కొలువులోని విద్యావేత్త, అనామకుడు కాడు. తర్వాతి కాలంలో సభ పెట్టాలంటే ముందు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 వచ్చింది, ప్రైవేటు బడి తెరవాలన్నా అనుమతి కావాల్సి వచ్చింది. 1880లలో పారసీ పోయి ఉర్దూ రాజభాష అయింది. జనాభాలో దాదాపు సగం మంది మాట్లాడే తెలుగుకు కచేరీలోనూ చోటు లేదు, పై చదువులోనూ చోటు లేదు. ఈ నేపథ్యంలో 1892లో సుల్తాన్ బజార్ ఆర్యసమాజం, 1901 సెప్టెంబరు 1న రామకోటిలో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, రెండూ రెసిడెన్సీ బజార్ల ఒళ్లోనో ఒరిపిడిలోనో వెలియడం కాకతాళీయం అనుకోలేను.

భాషానిలయాన్ని పెట్టినవాళ్లను చూస్తే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది. కొమర్రాజు లక్ష్మణరావు మునగాల రాజా నాయని వెంకటరంగారావు దగ్గర దివాను. మునగాల ఎక్కడుంది? నల్లగొండ జిల్లా కడుపులో. ఎవరిది? బ్రిటిషిండియాలోని కృష్ణా జిల్లాది. నాలుగు వైపులా నిజాం నేల, మధ్యలో కంపెనీ కాలం నుంచి మద్రాసు చట్టం నడిచే జమీందారీ. ఒక ద్వీపం నుంచి వచ్చినవాళ్లు మరో ద్వీపం పక్కన గ్రంథాలయం పెట్టారన్నమాట. పైగా కొమర్రాజు చదువు నాగపూరు వైపు సాగింది, మరాఠీలో రాసినవాడు, అక్కడ సంఘాలు ఎలా నడుస్తాయో కళ్లారా చూసినవాడు. గ్రంథాలయానికి పెట్టిన పేరు కూడా ఎవరికీ కంటగింపు కాని పేరు: నాలుగు వందల ఏళ్ల కిందటి రాజు, తెలుగువాళ్లకూ కన్నడిగులకూ సమానంగా సొంతమైనవాడు. రంగారావు పోయాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మ ఇచ్చిన విరాళం నిలయానికి సొంత చోటు అమరడానికి అక్కరకొచ్చింది. సుల్తాన్ బజార్లో ఆ నిలయం ఇప్పటికీ ఉంది.

లండన్‌లో బ్లూమ్స్‌బరీ అనే పేట ఉంది. డబ్బూ చదువూ ఒకే చోట చేరిన పేటలకు లోకం అదే ఉదాహరణ చెబుతుంది. అక్కడి పేరు సాహిత్యకారుల వల్ల వచ్చిందని చాలామంది నమ్మకం. వాళ్లు రాకమునుపే ఆ నేల బెడ్‌ఫర్డ్ ప్రభువుల సొంతం, చౌకాలు కట్టి డబ్బున్నవాళ్లకు బాడుగకిచ్చారు, బ్రిటిష్ మ్యూజియం 1759లో తలుపులు తెరిచింది. 1826లో అక్కడ పుట్టిన యూనివర్సిటీ కాలేజీ మత పరీక్ష లేకుండా విద్యార్థులను చేర్చుకుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కట్టుబాట్లు ఎవరిని వెలి వేశాయో వాళ్లకు అది దారి అయింది. ఇంగ్లీషు చర్చికి చెందనివాళ్లు, యూదులు, కేథలిక్కులు అక్కడ చదివారు. అంటే అక్కడ కూడా చదువు పేట పుట్టింది పాత చట్టం మూసిన తలుపు పక్కనే. ఆ కాలేజీలోనే సి.పి. బ్రౌను 1865 నుంచి తెలుగు ఆచార్యుడిగా ఉన్నాడు. అమరావతి శిల్పాలు 1880లో ఆ పేటలోని మ్యూజియానికే చేరాయి. హైదరాబాదులో తెలుగుకు ఒక సొంత గది అమరడానికి ఇరవై ఏళ్ల ముందే బ్లూమ్స్‌బరీలో తెలుగు శిల్పానికి గది దొరికింది. మనకు గర్వం కన్నా చిరాకు తెప్పించాల్సిన విషయమిది.

ఈ వాదానికి అభ్యంతరాలున్నాయి, గట్టివే. మొదటిది: రెసిడెన్సీ హద్దే కారణమైతే, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం ఎలా వెలిసింది? అక్కడ నిజాం చట్టం తప్ప మరొకటి లేదు. నిజమే. హద్దు లేనిదే ఏ గ్రంథాలయమూ పుట్టదని నేనడం లేదు. మొదటిది ఎక్కడ పుట్టిందో చూడమంటున్నాను. ఒకసారి రాజధానిలో నిలదొక్కుకుని, దాని వల్ల రాజ్యానికి ముప్పేమీ లేదని తేలాక, జిల్లాలో రెండోది పెట్టడానికి ధైర్యం కావాలి గానీ మొదటిదానికి కావలసినంత అక్కర్లేదు. 1905లో మూడోది ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వెలిసింది సికిందరాబాదులో, అంటే మళ్లీ ఇంగ్లీషు దండు ఉన్న చోట.

రెండో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది. బ్రిటిష్‌వాళ్లేం స్వేచ్ఛాప్రియులు? తమ ఇలాకాలో తిలక్‌నూ గాడిచర్ల హరిసర్వోత్తమరావునూ 1908లో జైలుకు పంపింది వాళ్లే. రెసిడెన్సీ నీడన స్వేచ్ఛ దొరికిందనడం వలస పాలనకు యోగ్యతాపత్రం ఇచ్చినట్టు కాదా? కాదు. పాలకుడి మంచితనం వల్ల దొరికింది కాదది, ఇద్దరు పాలకుల మధ్య ఉన్న సందు వల్ల దొరికింది. రెసిడెంటుకు తెలుగు మీద మమకారమూ లేదు, ద్వేషమూ లేదు. నిజాముకు ఇబ్బంది కలిగించే గ్రంథాలయం తనకు ఇబ్బంది కాదు. అదే గ్రంథాలయం వందేమాతరం అంటే మాత్రం కథ మారేది. సందు ఎంత ఇరుకో చెప్పడానికి విజ్ఞానచంద్రికా మండలే రుజువు. 1906లో హైదరాబాదులో పుట్టిన ఆ మండలి గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో మొదలై, చరిత్రనూ శాస్త్రాన్నీ తెలుగు వచనంలోకి తెచ్చింది. రెండేళ్లలో మద్రాసుకు తరలిపోయింది. అచ్చుకూటాలు, పాఠకులు, పంపిణీ అక్కడే ఉన్నాయి. సందులో మొలకెత్తవచ్చు గానీ మాను కావాలంటే నేల కావాలి.

మూడోది: ఆ పేట తెలుగువాళ్లదని ఎవరన్నారు? ఇది నేను ఒప్పుకునే అభ్యంతరం, పైగా నా వాదానికి పదును పెట్టేది. అక్కడి చదువులో పైచెయ్యి మరాఠీది, ఉర్దూది, ఇంగ్లీషుది. 1907లో పెట్టిన వివేకవర్ధినీ పాఠశాల, 1922 నాటి మరాఠీ గ్రంథ సంగ్రహాలయం, రెండూ కోఠీ చుట్టుపట్లవే. 1921 నవంబరులో వివేకవర్ధినీ థియేటర్లో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగింది, అధ్యక్షుడు ధోండో కేశవ కర్వే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే సభలో గోల, వెక్కిరింతలు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో పట్టుమని పన్నెండు మంది కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అది ఆంధ్ర మహాసభగా పెరిగింది. గమనించవలసింది ఏమంటే, తెలుగును వెక్కిరించింది నిజాం కొత్వాలు కాదు, సంస్కారం గురించి మాట్లాడుకోవడానికి వచ్చిన చదువుకున్నవాళ్లు. డబ్బున్న పేటలో పేద బంధువుకు జరిగే మర్యాదే అక్కడ తెలుగుకు జరిగింది. పల్లెలో అందరూ తెలుగే మాట్లాడుతుంటే తెలుగుకు అవమానం అంటే ఏమిటో తెలిసే అవకాశం లేదు. పోల్చుకోవడానికి పక్కన మూడు భాషలుండాలి, అవి నిండు సభలో కుర్చీలు వేసుకుని కూచోవాలి. ఆ అవమానం కూడా ఆ పేట ఇచ్చిన సౌకర్యమే. విచిత్రం, అదే కర్వే పెట్టిన మహిళా విశ్వవిద్యాలయం తర్వాత తెలుగుకు అక్కరకొచ్చింది. మాడపాటి 1928లో పెట్టిన బాలికల పాఠశాలలో తెలుగు మాధ్యమం చదువుకు నిజాం విద్యాశాఖ గుర్తింపు ఇవ్వకపోతే, ఆయన పూనా వైపు చూసి కర్వే విశ్వవిద్యాలయానికి అనుబంధం చేయించాడు. వకీలు బుద్ధి. ఈ హద్దులో తలుపు మూస్తే ఆ హద్దులో తట్టడం.

మరి పల్లెల్లో పండితులు లేరా అంటే, ఉన్నారు, దండిగా ఉన్నారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో అచ్చు వేసిన గోలకొండ కవుల సంచికలో 354 మంది తేలారు. వాళ్లు బజార్లలో పుట్టినవాళ్లు కారు, గద్వాల, వనపర్తి, నల్లగొండ, వరంగల్లు పల్లెలవాళ్లు. పేట వాళ్లను పుట్టించలేదు, లెక్కపెట్టింది. లెక్కపెట్టి అచ్చు వేసి లోకానికి చూపించే పని నగరంలో, 1926లో మొదలైన గోలకొండ పత్రిక లాంటి చోట జరిగింది. విద్వత్తుకూ విద్వత్తు పేటకూ ఉన్న తేడా ఇదే.

1933లో రెసిడెన్సీ బజార్లు తిరిగి నిజాం చేతికి వచ్చాయి. నా వాదమే నిజమైతే ఆ రోజుతో పేట చదువు చచ్చిపోవాలి గదా అని నాలుగో అభ్యంతరం. చావలేదు, చిక్కిపోయింది. భాషానిలయం నడిచింది, 1938-39 ఆర్యసమాజ సత్యాగ్రహానికి సుల్తాన్ బజార్ ఒక ఆయువుపట్టు. కట్టిన గోడలు, కూడిన పుస్తకాలు, ఏర్పడ్డ స్నేహాలు చట్టంతో పాటు రద్దు కావు. కానీ ఉద్యమపు ఊపిరి అప్పటికే పేట దాటేసింది. ఆంధ్ర మహాసభ 1930లో మొదటిసారి కూడింది జోగిపేటలో, ఆ తర్వాత దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్. 1944 భువనగిరి సభలో వకీళ్ల తరం ఒక పక్క, వెట్టినీ దొరనూ ఎదిరించాలన్న కుర్రతరం మరో పక్క చీలిపోయాయి. సాహుకారు దావాలతో బతికిన వకీలుకు, ఆ సాహుకారు చేతనే నలిగిన రైతుకు మధ్య రాజీ ఎంతకాలం నిలుస్తుంది? గ్రంథాలయం పెట్టడానికి పనికొచ్చిన తెలివి భూమి పంచడానికి పనికిరాలేదు. ఆ పేట పుట్టుకలోని వడ్డీ మరక అక్కడ బయటపడింది.

1949లో రెసిడెన్సీ భవనంలోకి ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది. కిర్క్‌పాట్రిక్ విందులిచ్చిన హాళ్లలో, మెట్‌కాఫ్ పామర్ లెక్కలు తిరగేసిన ఆవరణలో, డెబ్బై ఏళ్లకు పైగా జిల్లాల నుంచి వచ్చిన ఆడపిల్లలు చదువుకున్నారు. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది. సాహుకార్లు మాత్రం అంతకు చాలా ముందే బంజారాహిల్స్ వైపు, ఇంకా అవతలికి కదిలారు, చాలా కోఠీలు కింద దుకాణాలూ పైన గోదాములూ అయ్యాయి. వాళ్లను అక్కడ నిలబెట్టిన గీత చెరిగిపోయాక ఆ ఇరుకు వీధుల్లో ఉండాల్సిన పని వాళ్లకు కనిపించలేదు. పుస్తకాలు అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ ఇంకా కనిపిస్తోంది.